చివరి ఆయకట్టు



ఈ స్మారకోపన్యాసం ఎవరి జ్ఞాపకంగా జరుగుతోందో ఆయన మా ఊళ్లో బ్రాంచి పోస్టాఫీసు నడిపిన మనిషి. పోస్టయ్యవారు అనే పిలిచేవాళ్లం. శెనక్కాయ ఎండిపోయిన ఏడు సగం ఊరు బెంగుళూరు దారి పట్టేది. అక్కడి నుంచి మనియార్డరు వస్తే ఆయన డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవారు, కూపను మీద రాసిన రెండు ముక్కలూ చదివి వినిపించేవారు. అంతటితో లేచేవారు కాదు. ఒక కార్డు తీసి మోకాలి మీద పెట్టుకుని "ఏమని రాయమంటావమ్మా?" అని అడిగేవారు. ఇంటర్నెట్ చరిత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు కబురు పంపినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ ప్రశ్నే.

1969లో సేవాకార్యకర్త విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి ఇక్కడి కరువు పల్లెల్లో పని మొదలుపెట్టారు. అదే ఏడు అక్టోబరు 29 రాత్రి లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ కంప్యూటర్ ఒకదాని నుంచి ఐదు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ కంప్యూటర్‌కు 'లాగిన్' అనే మాట పంపబోయారు. ఒక్కో అక్షరం కొడుతూ, అది చేరిందో లేదో అవతలి మనిషిని ఫోనులో అడుగుతున్నారు. ఎల్ చేరింది. ఓ చేరింది. అంతలో అవతలి యంత్రం ఆగిపోయింది. గంటసేపటికి మళ్లీ ప్రయత్నిస్తే పని జరిగింది. ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ పుట్టుక అది. యంత్రం ఆగిపోయిన సంగతి అందరూ చెబుతారు. నాకు మాత్రం పక్కనే ఉన్న ఆ ఫోను ముఖ్యం. పంపినవాడు చేరిందా అని అడిగాడు, అందుకున్నవాడు చేరిందన్నాడు.

దీని కింది సూత్రం పోస్టాఫీసు తెలిసినవాళ్లకు కష్టమేమీ కాదు. ఒక పెద్ద ఉత్తరాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఒక్కోదానికి చిరునామా, వరుస సంఖ్య వేసి పంపామనుకోండి. ఏ కార్డు ఏ దారిన పోయినా సరే, చేరినచోట వరుసగా పేర్చుకుంటే ఉత్తరం తయారవుతుంది. అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ 1960లలో ఎవరికివారు ఈ ఆలోచనకు వచ్చారు. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టింది డేవిస్. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ వేర్వేరు నెట్‌వర్కులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని ప్రకటించారు. 1983 జనవరి 1న అర్పానెట్ మొత్తం దాని నుంచి వచ్చిన టీసీపీ, ఐపీ అనే పద్ధతులకు మారింది. ఆ టీసీపీలో ఒక నియమం ఉంది. అందిన ముక్కలకు అందుకున్నవాడు రసీదు తిప్పి పంపాలి. గడువులోగా రసీదు రాకపోతే పంపినవాడు అదే ముక్కను మళ్లీ పంపుతాడు. ఒకప్పుడు రిజిస్టరు ఉత్తరానికి అంటించిన అక్నాలెడ్జ్‌మెంటు కార్డు లాంటిదే ఇది. ఆ తరువాత వచ్చిన వైభవమంతా ఈ రసీదు మీద నిలబడింది.

మన సీమలో పూర్వీకులు కట్టింది గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మరువ పారితే కింది చెరువుకు నీళ్లు. పై కట్ట తెగితే కింది ఊళ్లకూ ముప్పే. నెట్‌వర్కు నడిమి భాగం అలా కాదు, ఒక దారి తెగితే ఇంకో దారిన పోతుంది. కానీ ఇంటి ముంగిటకు వచ్చే ఆఖరి ముక్క దగ్గర రెండు దారులుండవు. ఆ బాధ తుంగభద్ర ఎగువ కాలువ చివర పొలమున్న రైతుకు చెప్పక్కర్లేదు. అలాంటి పొలాన్ని నీటిపారుదల వాళ్లు చివరి ఆయకట్టు అంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే ఈ జిల్లా చాలా విషయాల్లో దేశానికి చివరి ఆయకట్టే.

దేశంలో 1986లో ఎర్నెట్ పేరుతో విద్యాసంస్థల నెట్‌వర్కు మొదలైంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది, అదీ ముందు పెద్ద నగరాలకే. తెలుగు అక్షరం అంతకుముందే దారి వెతుక్కుంటోంది. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి చేశారు. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. వేల మైళ్ల దూరాన కూర్చుని జీతం లేకుండా మన లిపికి దారి వేసినవాళ్లకు మనం పడిన రుణం చిన్నది కాదు. ఇక తీగ సంగతి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబరు లాగి, నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తామన్నారు. మన రాతి నేల తవ్విన అనుభవం ఉన్నవాళ్లకు ఆ స్తంభాల ఆలోచన ఎంత విలువైనదో తెలుస్తుంది.

అయితే ఈ పీఠభూమికి సంబంధించి తీగ కంటే ముందు చెప్పుకోవలసిన తేదీ 2006 ఫిబ్రవరి 2. ఆ రోజు నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. తొలి విడత 200 జిల్లాలైతే ఆరంభం మన పల్లెలో. జనం నోట అది కరువు పని. అంతకుముందు మస్టరు, అంటే హాజరు పట్టీ, ఎవరి సంచిలో ఉండేదో, అందులో ఎవరి పేర్లు ఉండేవో కూలికి తెలిసే వీల్లేదు. ఇప్పుడు జాబ్ కార్డు నంబరు, చేసిన రోజులు, పడిన కూలి మండలంలో కంప్యూటర్‌కెక్కాయి. అక్కడి నుంచి ఎవరైనా చూడగలిగేలా వెబ్‌సైటులోకి వెళ్లాయి. బ్యాంకు గడప తొక్కని ఆడమనిషి పేరు ఢిల్లీలో కూర్చున్నవాడికి కూడా కనబడింది.

కనబడటం ఒక్కటే అయితే నేనింత చెప్పను. ఆ ఏడే ఈ జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. శిక్షణ పొందిన యువతీయువకులు రికార్డులు చేతబట్టుకుని గడపగడపకూ వెళ్లారు. నీ పేరున ఇన్ని రోజులు రాసుంది, చేశావా? ఇంత కూలి ఇచ్చినట్టుంది, ముట్టిందా? ఆ జవాబులు మండలంలో అందరి ఎదుటా విచారణకు వచ్చాయి. అక్షరం రానివాళ్లు కంప్యూటర్ లెక్కను తప్పని నిలదీశారు. టీసీపీ రసీదు మనుషుల మధ్య నడిస్తే ఇలాగే ఉంటుంది. కూలి డబ్బు అప్పట్లో పోస్టాఫీసు ఖాతాల్లో పడేది. మా పోస్టయ్యవారు పాసుపుస్తకంలో పడిన అంకె పైకి చదవనిదే నోట్లు చేతిలో పెట్టేవారు కాదు.

ఆ తరువాత ప్రవాహం ఒకే వైపుకు తిరిగింది. 2021లో పని దగ్గర హాజరు కోసం మొబైల్ యాప్ వచ్చింది. 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. కూలీల గుంపును చూసుకునే మేటి రోజుకు రెండుసార్లు వాళ్ల ఫొటో తీయాలన్నారు. ఆ ఫొటోలో సమయం, చోటు కూడా నమోదవుతాయి. 2024 జనవరి నుంచి కూలి చెల్లింపు ఆధార్ ఆధారంగానే అన్నారు. దొంగ హాజర్లు లేవని నేననను. సామాజిక తనిఖీల్లోనే ఎన్నో బయటపడ్డాయి. కానీ గుట్ట వెనక సిగ్నల్ అందని చోట తట్ట మోసిన మనిషి ముఖం పైకి ఎక్కిందో లేదో ఆమెకు ఎవరు చెబుతారు? డబ్బు పడనప్పుడు గాని తెలియదు. అప్పటికి ఆ వారం గడిచిపోయింది, ఆమె మాటకు సాక్ష్యం కూడా లేదు. ముఖం పంపింది, వేలిముద్ర పంపింది, ఆధార్ పంపింది. ఆమెకు తిరిగొచ్చిన రసీదు ఏది?

ఆ రసీదు తిప్పి ఇవ్వడం యంత్రానికి చేతకాని పని కాదు. 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్ రెడ్డిగారు అప్పట్లో మన పొరుగైన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. కంప్యూటర్ మనిషి మాట వినాలని దశాబ్దాలు శ్రమించారు. చదవడం రాని పల్లె మనిషి కూడా వాడుకోగల యంత్రం కోసం పీసీటీవీటీ పేరుతో ప్రయత్నించారు. తెలుగులో పలికే ఫోను ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది.

కాబట్టి ఈ వేదిక మీద నుంచి అధికారులను కోరేది ఒక్కటే. ఫొటో తీసిన ఫోనే, పని చాలించే ముందు, ఆనాటి మస్టరులోని పేర్లను గుంపు ముందు తెలుగులో పైకి చదవాలి. తన పేరు వినబడని మనిషి అక్కడే చెయ్యెత్తాలి, ఆ మాట కూడా హాజరుతో పాటు పైకి ఎక్కాలి. సిగ్నల్ లేకపోతే ఫోను ఆ లెక్కను దాచుకుని, దొరికినప్పుడు పంపి, చేరిందన్న కబురు మరుసటి పొద్దున అదే గుంపుకు వినిపించాలి. మొదలుపెట్టడానికి బండ్లపల్లి ఉండనే ఉంది.