చదువు ఇక్కడిది, లైసెన్సు అక్కడిది

(వార్షికోత్సవ సభలో తిరువొత్తియూరు చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)

 

మమ్మల్ని నూలు ధర గురించో, రిబేటు బకాయిల గురించో మాట్లాడమంటారని అనుకున్నాం. కాదు, పశువుల డాక్టరు చదివిన మన పిల్లలు ఫారిన్‌లో ఉద్యోగానికి ఎలా పోవాలో చెప్పమన్నారు. మాది ఎనిమిదో తరగతి చదువు. ఇంత పెద్ద విషయం మమ్మల్నే ఎందుకు అడిగారంటే, ఈ విషయంలో మేము ఒకసారి తప్పు చేశాం. ఆ సంగతి మన పేటలో చాలామందికి తెలుసు. కనుక దాచకుండా అక్కడినుంచే మొదలుపెడతాం.

కొన్నేళ్ళ కిందట మన సభ్యుడి కొడుకు పశువుల డాక్టరు చదువు పూర్తి చేశాడు. పేరు చెప్పం. ఒక ఏజెంటు వచ్చి గల్ఫ్‌లో డాక్టరు ఉద్యోగం అన్నాడు. తల్లి నగలు తాకట్టుకు పోయాయి, మిగతా డబ్బుకు అప్పు చేశారు. ఆ అప్పుకు పూచీ సంతకం మేమే పెట్టాం. వీసా కాగితం మా చేతికి ఇచ్చి చూడమన్నారు. మేము ముద్ర ఉందా, ఫోటో ఉందా అని చూశాం. పని ఏమిటని రాసి ఉందో చూడలేదు. అక్కడ దిగాక తెలిసింది, అందులో రాసింది డాక్టరు అని కాదు, ఫారం కూలీ అని. ఆ పిల్లవాడు పదకొండు నెలలు మేకలకు మేత వేసి, పాకలు కడిగి తిరిగొచ్చాడు. మేత వేయడం తప్పు పని కాదు. కానీ దానికోసం ఐదున్నర ఏళ్ళు చదవక్కర్లేదు, తల్లి మెడలో గొలుసు పోగొట్టుకోనక్కర్లేదు.

అప్పటినుంచి మాకు ఈ విషయం తెలుసుకోవాలని పట్టుదల వచ్చింది. మా చెల్లెలి మనవరాలు వేపేరి పశువైద్య కళాశాలలో ఆఖరి సంవత్సరం. 1903లో సైదాపేటలో మొదలై తర్వాత వేపేరికి వచ్చిన పాత కాలేజీ అది. ఆ పిల్ల చదివి చెప్తుంటే మేము నోటుపుస్తకంలో రాసుకున్నాం. మొదటి రోజే ఒక మాట అంది: "తాతా, అందరూ వీసా వీసా అంటారు. వీసా ఆఖరిది. ముందు లైసెన్సు."

ఈ మాట మనకు అర్థం కాని మాట కాదు. పడుగు సాచకుండా పేక వేస్తామా? లైసెన్సు పడుగు, వీసా పేక. మన చీర ఎంత బాగున్నా చేనేత గుర్తు ఉందా అని బయటివాడు అడుగుతాడు. అలాగే మన పిల్ల ఇక్కడ ఎంత బాగా చదివినా, మా దేశం పరీక్ష పాసయ్యావా అని వాళ్ళు అడుగుతారు.

ఇప్పుడు దేశాలవారీగా చెప్తాం.

బ్రిటన్‌లో పశువుల డాక్టర్లను నమోదు చేసేది రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్. ముందు ఇంగ్లీషు పరీక్ష. తర్వాత వాళ్ళ సొంత పరీక్ష, అందులో రాత భాగం ఒకటి, చేత్తో చేసి చూపించే భాగం ఒకటి. అది పాసై పేరు నమోదయ్యాక, ఆసుపత్రివాళ్ళు ఉద్యోగం ఇస్తే స్కిల్డ్ వర్కర్ వీసా.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రెండింటికీ కలిపి ఒక బోర్డుల మండలి ఉంది, ఏవీబీసీ అంటారు. అక్కడా ఇంగ్లీషు, తర్వాత రాత పరీక్ష, తర్వాత ప్రాక్టికల్. రాత పరీక్షకు సముద్రం దాటక్కర్లేదు. ప్రాక్టికల్‌కు మాత్రం అక్కడికి పోవాలి. న్యూజిలాండ్ తనకు కావలసిన పనివాళ్ళ పేరుతో గ్రీన్ లిస్ట్ అని ఒకటి పెట్టుకుంది. అందులో పశువుల డాక్టరు పై వరసలో ఉన్నాడు. అక్కడ నమోదై, ఉద్యోగం చేతిలో ఉంటే నేరుగా స్థిర నివాసానికే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ లిస్టులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున ఆ ప్రభుత్వం వెబ్‌సైటులోనే చూసుకోవాలి.

అమెరికా దారి పొడుగు. మన దేశపు కాలేజీ ఏదీ వాళ్ళ గుర్తింపు జాబితాలో లేదు. అందుకని ఈసీఎఫ్‌వీజీ అనే నాలుగు మెట్ల దారి పెట్టారు: డిగ్రీ రుజువు, ఇంగ్లీషు, ప్రాథమిక శాస్త్రాల పరీక్ష, ఆఖరున మూడు రోజుల ప్రాక్టికల్. ఇది కాక నావ్లీ అని 360 ప్రశ్నల పరీక్ష ఉంది. అది అక్కడ చదివినవాళ్ళూ రాయాల్సిందే. ఆపైన ఏ రాష్ట్రంలో పని చేస్తారో ఆ రాష్ట్రం లైసెన్సు. ఇవన్నీ అయ్యాక హెచ్1బీ వీసా అంటే అది లాటరీ. ఏడాదికి కంపెనీలన్నిటికీ కలిపి 85,000 మాత్రమే. 2025 సెప్టెంబరులో బయటి దేశం నుంచి కొత్తగా తెచ్చుకునే మనిషికి లక్ష డాలర్ల రుసుము కూడా పెట్టారు. అందుకే చాలామంది పిల్లలు ఎమ్మెస్‌కో పీహెచ్‌డీకో స్టూడెంట్ వీసా మీద పోతున్నారు. పరిశోధనకు లైసెన్సు అక్కర్లేదు. కానీ లైసెన్సు లేకుండా కుక్కకు ఒక సూది కూడా వేయకూడదు. ఈ తేడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

గల్ఫ్‌లో వారాల్లో పని అయిపోతుందని ఏజెంట్లు చెప్తారు. ఎమిరేట్స్‌లో కూడా పశువైద్యానికి అక్కడి మంత్రిత్వ శాఖ లైసెన్సు కావాలి. డిగ్రీ కాగితాలకు ఇక్కడా అక్కడా ధృవీకరణ ముద్రలు పడాలి. ఏ దేశానికి పోయినా ఇక్కడి పశువైద్య మండలిలో నమోదు, వీళ్ళ మీద ఫిర్యాదులు లేవనే పత్రం ముందే తీసి పెట్టుకోవాలి.

ఇక ఏజెంటు సంగతి. మనిషిని బయటికి పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. వాడు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే లేచి రండి. తమిళనాడు ప్రభుత్వానికే ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ అని 1978 నుంచి సంస్థ ఉంది. తెలంగాణలో ఉన్న మనవాళ్ళకు టామ్‌కామ్, ఆంధ్రలో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉన్నాయి. ముందు వీళ్ళను అడగండి, తర్వాత ఏజెంటును.

బాండు సంగతి కూడా చెప్పాలి. మన కాలడిపేట ఎలా పుట్టింది? మూడువందల ఏళ్ళ కిందట జోసెఫ్ కొలెట్ గవర్నరుగా ఉన్నప్పుడు కంపెనీ గుడ్డ కోసం నేతవాళ్ళను పిలిచి నిలిపిన ఊరు అది. ఆయన పేరే నలిగి కాలడి అయింది. 1734లో చింతాద్రిపేట కూడా అలాగే వచ్చింది. పిలిచినవాడు అడ్వాన్సు ఇచ్చాడు. అడ్వాన్సు తిన్నవాడు గుడ్డ ఇంకొకరికి అమ్ముకోలేకపోయాడు. మన పెద్దలు పడిన కష్టం అది. ఇవాళ ఒక ఆసుపత్రి పరీక్ష ఖర్చు మేమే పెడతాం, ఇన్నేళ్ళు మా దగ్గరే ఉండాలి అంటే, అది కూడా అడ్వాన్సే. వద్దని చెప్పడం లేదు. ఎన్నేళ్ళు, మధ్యలో మానితే ఎంత కట్టాలి అని చదివి సంతకం పెట్టమంటున్నాం.

మా మనవరాలి తండ్రి ఇల్లు తాకట్టు పెట్టి పంపుతానన్నాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. "ఇంగ్లీషు, రాత పరీక్ష ఇక్కడే ఉండి పాసవుతాను నాన్నా. ఇక్కడే ఉద్యోగం చేసి ఆ ఫీజు నేనే కట్టుకుంటా. ప్రాక్టికల్‌కు పిలుపు వస్తే అప్పుడు అడుగుతా" అంది. మేము సంతకం పెట్టిన రోజు మాకు లేని తెలివి అది. మొత్తం ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఏళ్ళు పడుతుంది. కానీ మెట్టు మెట్టుకీ ఆగి చూసుకుంటే ఏ మెట్టు దగ్గర ఆగిపోయినా ఇల్లు మిగులుతుంది.

పదో తరగతి, ప్లస్‌టూ పిల్లలున్న తల్లులకు ఒక మాట. తమిళనాడులో ఈ చదువుకు సీట్లు ఎక్కువ భాగం ప్లస్‌టూ మార్కుల మీదే ఇస్తారు. అఖిల భారత కోటా 15 శాతానికే నీట్. సర్కారు బళ్ళో చదివిన పిల్లలకు 7.5 శాతం విడిగా ఉంది. మన పిల్లలు ఎక్కువమంది సర్కారు బళ్ళోవాళ్ళే. ఇది వదులుకోవద్దు.

ఆఖరుగా సమాఖ్యను ఒకటి అడుగుతున్నాం. ఎవరైనా ఫారిన్ పోతుంటే శాలువా కప్పి సన్మానం చేస్తున్నాం. ఆ ఖర్చు తగ్గించి, ఈ సంచిక ప్రకటనల డబ్బులో కొంత కలిపి, పరీక్ష ఫీజులకు వడ్డీ లేని అప్పు ఇచ్చే నిధి పెడదాం. వీసా కాగితం చదివిపెట్టడానికి ఇంగ్లీషు వచ్చిన పిల్లలు ఇద్దరిని పెడదాం. వాళ్ళు చూడనిదే ఎవరూ పూచీ సంతకం పెట్టకూడదు, మాతో సహా.

ఆ మొదటి పిల్లవాడు ఇప్పుడు పొన్నేరి వైపు పల్లెల్లో పాడి పశువులు చూస్తున్నాడు. అప్పు తీరింది. మొన్న వాళ్ళమ్మకు గొలుసు కొన్నాడు. "నా సంగతి సభలో చెప్పండి మామా, ఇంకొకడు పోకుండా ఉంటాడు" అన్నాడు. అందుకే చెప్పాం. వడివుడై అమ్మవారి దయవల్ల మన పిల్లలు ఎక్కడ పని చేసినా, చదివిన పనే చేయాలి. సెలవు.