గేటు చేసినోడి పేరేది?

(ఒక పల్లెలో అంబేద్కర్ విగ్రహం దగ్గర జరిగిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని కొద్దిగా సరిచేసి ఇక్కడ ఇస్తున్నాం.)

 

ఇవాళ మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. పంతుళ్ళం గదా, ఎక్కడికి పోయినా అదే మాట్లాడమంటారు. కానీ లోపలికొస్తూ ఈ గేటు దగ్గర ఆగిపోయాం. బాబాసాహెబ్ విగ్రహం చుట్టూ కట్టిన కంచెకు పెట్టిన ఈ ఇనప గేటును మీరూ ఒకసారి చూడండి. నడుమ 24 ఆకుల చక్రం. అటూ ఇటూ తెరిచిన పుస్తకాలు. ఆ వంపులు ఎంత నున్నగా ఉన్నాయో చేత్తో తడిమి చూడండి.

ఇప్పుడు పక్కనున్న బండ చూడండి. దాని మీద 17 పేర్లున్నాయి. ప్రారంభించిన నాయకుడి పేరుంది. అధ్యక్షత వహించినాయన పేరుంది. సిమెంటు బస్తాలిచ్చినాయన పేరూ ఉంది. గేటు చేసిన పిల్లోడి పేరు లేదు. ఆ పిల్లోడు మన వాడోడే. టౌనులో వెల్డింగు షాపులో పనిచేస్తాడు. రాత్రిళ్ళు కూర్చుని, కూలి అడక్కుండా ఈ గేటు చేశాడు. అదుగో, ఆ చివర తల వంచుకుని నిలబడ్డాడు.

ఆ బండ మీదికి పేర్లు రాసిచ్చింది ఏ అగ్రకులపోడో కాదు. మేమే. మేం రాసిన జాబితాలోనే మన పిల్లోడి పేరు లేకుండా పోయింది. ఎందుకు పోయింది? మనకు అలవాటైంది కాబట్టి. డబ్బిచ్చినోడు దాత, రిబ్బను కత్తిరించినోడు పెద్దమనిషి, చేసినోడు మాత్రం పనోడు. ఈ లెక్క మన బుర్రల్లోకి ఎవరు ఎక్కించారో ఇవాళ మాట్లాడుకుందాం. అందుకోసం మిమ్మల్ని కాసేపు సముద్రాల అవతలికి తీసుకుపోతాం.

అమెరికా దక్షిణాన సౌత్ కరోలినా రాష్ట్రంలో చార్లెస్టన్ అనే రేవు పట్నం ఉంది. ఆఫ్రికా నుంచి గొలుసులేసి తెచ్చిన మనుషుల్ని ఓడల్లోంచి దించి అమ్మిన పట్నం అది. ఇవాళ యాత్రికులు అక్కడికి పోయి ఇనప గేట్లు, ఇనప కంచెలు చూసి ముచ్చటపడతారు. ఆ ఇనుము కథ ఏందంటే, పాత రోజుల్లో ఆ కొలుముల్లో సమ్మెట ఎత్తినోళ్ళలో చాలామంది బానిసలు. దుకాణం యజమాని పేరు పుస్తకాలకెక్కింది. కొట్టినోళ్ళ పేర్లు చాలావరకు మట్టిలో కలిశాయి.

1822లో ఆ ఊళ్ళోనే డెన్మార్క్ వెసీ అనే వడ్రంగి తిరుగుబాటుకు సిద్ధమయ్యాడు. లాటరీలో వచ్చిన డబ్బుతో తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న నల్లవాడాయన. సంగతి ముందే బయటపడింది. వెసీతో కలిపి 35 మందిని ఉరితీశారు. ఆ భయంతో ఒక ధనికుడి ఇంటి కంచె మీద నిలువునా ఇనప ముళ్ళు దిగ్గొట్టించారు. ఆ ముళ్ళు ఇవాళ్టికీ ఉన్నాయి. యాత్రికులు ఫొటోలు తీసుకుంటారు. అందంగా కనపడే ఇనుము వెనక ఎవరి భయం ఉందో, ఎవరి మెడ ఉందో అడగటం మనం నేర్చుకోవాలి.

అదే పట్నంలో ఫిలిప్ సిమన్స్ అని ఒక నల్ల కమ్మరి ఉండేవాడు. 1912లో పుట్టాడు. తాత, అమ్మమ్మల దగ్గర పెరిగాడు. పట్నంలో బడికి పోతూ కొలిమి ముందు నిలబడి నిప్పురవ్వలు చూసేవాడు. 13 ఏళ్ళకు బడి వదిలి కొలిమిలో చేరాడు. గురువు పీటర్ సిమన్స్. ఇద్దరి ఇంటిపేరూ ఒకటేగానీ చుట్టరికం లేదు. ఆ గురువు బానిసగా పుట్టినవాడు. మొదట్లో కుర్రాడి పనల్లా గుర్రాల్ని పట్టుకోవడం, బూడిద ఎత్తడం, కొలిమి ఊదడం. తర్వాత బండి చక్రాలకు పట్టాలు వెయ్యడం, నాడాలు కొట్టడం.

ఇంతలో మోటారు బండ్లొచ్చాయి. గుర్రాలు పోయాయి, నాడాల పని పోయింది. మన ఊళ్ళో ట్రాక్టరొచ్చాక కర్రు సాగగొట్టే పని పోలేదా, అట్లాగే. ఆయన కొలిమి ఆర్పుకుని ఇంటికి పోలేదు. బట్టల దుకాణం యజమాని ఒకాయన గేటు కావాలంటే, కొత్త ఇనుము దొరక్క తుక్కు ఇనుముతోనే చేసిచ్చాడు. అక్కడి నుంచి గేట్లు, కంచెలు, వరండా కటకటాలు కలిపి 500కు పైగా చేశాడు.

ఆ పని ఎట్లా చేస్తారో చెప్తాం, వినండి. కడ్డీ ఎర్రబడితే చాలదు. పసుపు రంగుకు తిరిగేదాకా కాల్చాలి. పటకారుతో తీసి, కొనను దాగలి మీద తిప్పుతూ కొడితే సన్నగా సాగుతుంది. ఆ సన్న కొనను దాగలి కొమ్ముకు ఆనించి కొంచెం కొంచెంగా వంచాలి. అప్పుడది లేత తీగలా చుట్టుకుంటుంది. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఇనుము చల్లారుతూనే ఉంటుంది. రంగు దిగిపోయాక కొడితే చేతికి దెబ్బే తప్ప ఇనుము వినదు. మళ్ళీ కొలిమిలో పెట్టాల్సిందే. ఎడమ వైపు ఒక వంపు వచ్చిందంటే కుడి వైపు దానికి జోడు రావాలి. కళ్ళతో కొలిచి, చెవులతో దెబ్బ విని చేసే పని. ఇందులో బుర్ర లేదనీ, ఒట్టి కండబలమనీ అనేవాడు ఏనాడైనా సమ్మెట పట్టాడా?

ఆ పట్నంలో గాడ్స్‌డెన్ అనే పెద్ద వర్తకుడి పాత ఇల్లొకటి ఉంది. దానికి సిమన్స్ గేటు చేశాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఆ గాడ్స్‌డెన్ ఎత్తిన జెండా మీద చుట్ట చుట్టుకున్న పాము ఉంటుంది. తొక్కితే కాటేస్తానని దానర్థం. అందుకే గేటులో పాము కావాలి. సిమన్స్ పామును చేశాడు గానీ కన్ను కుదరలేదు. పెడితే చచ్చిన పాము కన్నులా ఉంది. బతికిన కన్ను అయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చేశాడు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. స్వేచ్ఛ కోసం ఆ జెండా ఎత్తిన వర్తకుడే ఒక రేవు కూడా కట్టించాడు. 1806, 1807లో ఆఫ్రికా నుంచి వచ్చిన బానిసల ఓడలు ఆగింది ఆ రేవులోనే. తొక్కొద్దన్న మాట తనకేగానీ నల్లవాళ్ళకు వర్తించదని అతని లెక్క. బానిసగా పుట్టిన గురువు దగ్గర పని నేర్చినవాడు ఆ ఇంటి గేటులో పాముకు ప్రాణం పోశాడు. ఇప్పుడు ఆ రేవు ఉన్నచోట 2023లో ఆఫ్రికన్ అమెరికన్ల మ్యూజియం తెరిచారు.

1976లో వాషింగ్టన్‌లో జరిగిన జానపద కళల ఉత్సవానికి సిమన్స్‌ను పిలిచారు. అక్కడ జనం ముందే ఇనుము కొట్టి చుక్కలూ చేపలూ ఉన్న గేటు చేశాడు. దాన్ని దేశ చరిత్ర మ్యూజియంలో పెట్టారు. పెట్టింది ఆయన పేరుతోనే. 1981లో ఆయన పని మీద ఒక పండితుడు పుస్తకం రాశాడు. 1982లో ప్రభుత్వం జాతీయ వారసత్వ గౌరవం ఇచ్చింది. 2009లో చనిపోయేనాటికి ఆ ఊరి గేట్లు చూపించి ఇది సిమన్స్ పని అని చెప్పుకునే స్థితి వచ్చింది. గేటు మారలేదు. చేసేవాడి చెయ్యీ మారలేదు. పేరు పలికారు, అంతే. ఆ మార్పు ఊరికే రాలేదు. వాళ్ళ జనం వీధుల్లో కొట్లాడి, దెబ్బలు తిని, ప్రాణాలిచ్చి తెచ్చుకున్నారు.

ఇప్పుడు కొంతమంది లేచి అంటారు: చూశారా, చేతిపని ఎంత గొప్పదో, మీరూ మీ కులవృత్తులు చేసుకోండి అని. ఆ మాట దగ్గర జాగ్రత్త. సిమన్స్‌ను కమ్మరి కొడుకువా అని ఎవరూ అడగలేదు. ఇష్టపడి వచ్చాడు, నేర్చుకున్నాడు. మన ఊళ్ళో అట్లా జరిగిందా? కొలిమి తిత్తికి తోలు ఇచ్చింది మాదిగలు. ఆ తిత్తి ఊదకపోతే నిప్పు లేదు, కర్రు లేదు, ఊరికి పంటే లేదు. తోలుకు అంటు లేదు గానీ తోలిచ్చినోడికి అంటు. గొడ్డలి పదును పెట్టించుకోవాలంటే మన తాతలు కొలిమి పాకకు దూరంగా నిలబడాల్సిందే. మన పిల్లోణ్ణి శిష్యుడిగా ఏ కమ్మరయ్య తీసుకున్నాడు?

కమ్మరన్నల మీద పగతో ఈ మాట అనడం లేదు. కళ్ళంలో మేర కోసం రైతు ముందు నిలబడ్డవాడే ఆయన కూడా. నిచ్చెనమెట్ల కులంలో మన పై మెట్టు మీద నిలబెట్టి, ఆయన్నీ అక్కడే కట్టేశారు. కులం పనిని పంచడం కాదనీ, పనిచేసేవాళ్ళనే విడగొట్టడమనీ బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పాడు. ఇవాళ కమ్మరన్న కొడుకూ మన పిల్లోడూ ఒకే వెల్డింగు షాపులో పక్కపక్కన పనిచేస్తున్నారంటే, కొలిమికి ఉన్న కులాన్ని కొంతైనా బద్దలు కొట్టినట్టే. మనం మళ్ళీ కట్టకూడదు.

ఇంకో మాట. భద్రాచలం దాటి పైకి పోతే బస్తర్. కొండగావ్ చుట్టుపక్కల ఆదివాసీ లోహార్లు తుక్కు ఇనుమును కాల్చి, సాగగొట్టి దీపపు సెమ్మెలు, జింకలు, పులులు చేస్తారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెద్ద పట్నాల ప్రదర్శనల్లో పెడతారు. చాలాచోట్ల కింద చీటీ మీద గిరిజన కళ అని మాత్రమే ఉంటుంది. జిల్లాకు పేరుంది, తెగకు పేరుంది, మనిషికి లేదు. బంగళాలో కూర్చుని బొమ్మ గీసినాయన కళాకారుడు. ఎండలో నిప్పు ముందు కూర్చున్నవాడు ఒట్టి గిరిజనుడు. బండ మీద మేం చేసిన తప్పే ఇదీ. కాకపోతే వాళ్ళు చీటీ మీద చేశారు.

కాబట్టి ఇవాళ ఈ సభలో మూడు పనులు ఒప్పుకుందాం. ఒకటి, వచ్చే ఏప్రిల్ 14 లోపల ఈ బండ మీద అన్ని పేర్లకన్నా పైన గేటు చేసినవాడి పేరు చెక్కిద్దాం. ఆ ఖర్చు మాది, ఎందుకంటే తప్పు మాది. రెండు, మన వాడలో ఏ కట్టడం లేచినా, మేస్త్రీ నుంచి మట్టి మోసిన అక్క దాకా పేర్లు రాసిన తర్వాతే దాతల పేర్లు రాద్దాం. మూడు, మన పిల్లోడు చేసిన పనికి కూలి ఎంతో లెక్కగట్టి ఇద్దాం. బాబాసాహెబ్ విగ్రహం దగ్గర వెట్టి ఉండకూడదు, అది భక్తితో చేసిందైనా సరే.

తమ్ముడూ, తలెత్తు. ఈసారి నువ్వు ఏం చేసినా, గేటైనా కిటికీ అయినా, పని అయ్యాక ఉలి తీసుకుని ఒక మూల నీ పేరు నువ్వే కొట్టు. మాలాంటి పంతుళ్ళు మర్చిపోయినా ఇనుము మర్చిపోదు.

జై భీమ్!