మన పక్షం దాచుకోవద్దు



మూడు సాగు చట్టాలు వద్దంటూ 2020 నవంబరులో ఢిల్లీ సరిహద్దులకు చేరిన రైతులను కొన్ని టీవీ ఛానళ్లు ఖలిస్తానీలన్నాయి. రైతులు వాటిని 'గోదీ మీడియా' అని, అంటే సర్కారు ఒడిలో కూర్చున్న మీడియా అని ఎగతాళి చేశారు. డిసెంబరు 18న పంజాబీ, హిందీ భాషల్లో ఉద్యమం సొంత పత్రిక 'ట్రాలీ టైమ్స్' వచ్చింది. రైతుల పక్షమేనని అది దాచుకోలేదు.

"ఇది ఏకపక్షం కదా?" అంటారు. రైతులు రోడ్డు ఆపారని రాసి, ఎందుకు ఆపారో రాయకపోతే అదీ ఒక పక్షమే. కాకపోతే పైకి చెప్పుకోని పక్షం.

2021 నవంబరు 29న పార్లమెంటు ఆ చట్టాలను రద్దు చేసింది. గెలిపించింది పత్రిక కాదు, ఏడాది పాటు చలికీ ఎండకూ కదలనివాళ్లు. వాళ్లెందుకు కూర్చున్నారో మాత్రం వాళ్ల మాటల్లోనే అచ్చులో నిలిచింది.

మన పత్రికకూ అదే దారి. కోపంగా రాద్దాం, వెటకారంగా రాద్దాం. లెక్క మాత్రం తప్పొద్దు. క్వింటాలుకు ఎన్ని కిలోలు తరుగు తీశారో కాటా చీటీ చూసే రాద్దాం. ఒక్క అంకె తప్పితే ఆ ఎగతాళి మన మీదికే తిరుగుతుంది. అందుకే ఈ పంట చీటీలు పారేయకండి, సంఘానికి తెచ్చివ్వండి.