మోకాటికి దెబ్బ తగిలితే పాదాన్ని చూడాలి



చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమలో జాతర అయినా, పాఠశాల వార్షికోత్సవమైనా కోలాటమో చెక్కభజనో ఉండవలసిందే. పట్టణాలలో కూచిపూడి, భరతనాట్యం అభ్యసించే బాలికలూ ఉన్నారు. ఎగిరి తిరిగే వేళ పాదం నేలను పట్టుకొని మోకాలు మాత్రం మెలిపడితే, చిప్ప పక్కకు జారవచ్చు. లోపలి లిగమెంట్లు తెగవచ్చు.

అప్పుడు అందరి దృష్టీ వాచిన మోకాటి మీదనే నిలుస్తుంది. అయితే మోకాటి వెనుక నుండి పెరోనియల్ అనే నరం వెలుపలి వైపుకు వచ్చి, పిక్క పక్కనుండే సన్నని ఎముక మెడను చుట్టుకొని, చర్మానికి అతి సమీపంగా సాగుతుంది. పాదాన్ని, వేళ్ళను పైకెత్తే ఆజ్ఞ ఆ దారినే పోవాలి. మోకాటి కీలు పూర్తిగా తొలగిపోయే పెద్ద దెబ్బలలో ఈ నరం సాగి చెడిపోవడం అరుదు కాదు. పాదం వేలాడిపోతుంది, నడకలో వేళ్ళు నేలకు రాసుకుంటాయి. చిప్ప జారినంత మాత్రాన సాధారణంగా ఇంత నష్టం ఉండదు. తల్లులు ఊరక బెదరనక్కరలేదు.

విచారింపదగినది మరొకటి. బిగించిన కట్టు, వెదురుదబ్బ, చివరకు ప్లాస్టరు సైతం ఆ ఎముక మెడ దగ్గర నొక్కితే నరం దెబ్బతింటుంది. ఇంట్లో అవ్వ ప్రేమతో నూనె రాసి, గుడ్డ బిగించి కడుతుంది. పిల్ల “కాలు మొద్దుబారింది” అంటే, “నొప్పి తగ్గుతోందిలే” అంటుంది. నొప్పి తగ్గడం వేరు, స్పర్శ పోవడం వేరు.

దీన్ని కనిపెట్టడానికి యంత్రం అక్కరలేదు. బొటనవేలిని, పాదాన్ని పైకెత్తమనాలి. మొదటి రెండు వేళ్ళ నడుమ తాకి, రెండు కాళ్ళలోనూ ఒకే తీరుగా తెలుస్తున్నదా అని అడగాలి. తేడా ఉంటే కట్టు వదులు చేసి, ఆనాడే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పాదం చల్లబడినా, పాలిపోయినా రక్తనాళానికి ముప్పు వచ్చిందన్నమాట. కొన్ని గంటల ఆలస్యంతో కాలే పోవచ్చు. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు కోల్పోయిన సుధాచంద్రన్ జైపూర్ పాదంతో మళ్ళీ నాట్యం చేసి, “మయూరి” చిత్రంలో నటించారు. ఆ ధైర్యం పూజనీయమే. కానీ పిల్లలకు అంతటి పరీక్ష రానీయకపోవడం పెద్దల చేతిలోని పని.

బెంగళూరు నిమ్హాన్స్ వంటి చోట్ల నరంలో సంకేతం పోయే వేగాన్ని కొలుస్తారు. దెబ్బ తగిలిన 2, 3 వారాలకు గాని ఆ పరీక్షలో పూర్తి వివరం తేలదు. కేవలం నొక్కుడు అయితే నరం కొన్ని వారాలలో కోలుకోవచ్చు. లోపలి తంతువులు తెగితే అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరగాలి. 300 మిల్లీమీటర్లకు పది నెలలు. అంతకాలం చీలమండ బిగుసుకోకుండా వ్యాయామం, పాదం వాలకుండా ఆధారపు పట్టీ ఉండాలి. పిల్లను అభ్యాసానికి దూరం చేయనక్కరలేదు. చెక్కలు చేతిలోనివే కదా. కూర్చుండి తాళం వేయవచ్చు.