ఆకా? గుళికా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమెరికా వెళ్ళొచ్చారు కదా, విశేషాలు చెప్పండని కార్యదర్శిగారు ఆదేశించారు. నయాగరా గురించి ఈ వేదిక మీద ఇప్పటికే ముగ్గురు చెప్పారు. కనుక నేను బీరు కాచడంలో వచ్చే ఒక చిన్న చిక్కు గురించి మనవి చేసుకుంటాను.

నవ్వకండి. నేను తాగను, ఎవరినీ తాగమనను. పైగా ఇక్కడ 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో కాస్తే నేరం. అక్కడ అలా కాదు. 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్ల దాకా, అంటే సుమారు 757 లీటర్లు, పన్ను లేకుండా సొంతానికి కాచుకోవచ్చు. అమ్మకూడదు, అంతే.

ఈ సంగతి నాకు ముందు తెలియదు. 2023 మే నెలలో సియాటిల్ దగ్గర మా అబ్బాయి ఇంటికి వెళ్ళి, గ్యారేజీలో స్టీలు గంగాళం, గొట్టాలు, బుడగలొస్తున్న పీపా చూసేసరికి నా కాళ్ళు కదల్లేదు. నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో రిటైరయ్యేదాకా ఎక్సైజ్ శాఖలోనే ఉన్నాను. 1992లో దూబగుంటలో ఉద్యమం మొదలయ్యాక మా ఆఫీసు వరండాలో ఆడవాళ్ళు రోజుల తరబడి కూర్చునేవారు. పుస్తెలు తాకట్టు పెట్టి తాగిన మొగుళ్ళ గురించి చెబుతుంటే నేను తలొంచుకుని డెస్పాచ్ రాసుకునేవాణ్ణి. అలాంటిది నా కొడుకే కాస్తున్నాడు! వారం రోజులు వాడితో మాట్లాడలేదు. మా ఆవిడే మధ్యన తపాలా నడిపింది.

ఎనిమిదో రోజున వాడు రెండు పొట్లాలు తెచ్చి, “నాన్నా, కాస్త తూకం చూస్తావా?” అన్నాడు. తూకం అంటే నా చెయ్యి ఊరుకోదు కదా!

వాటిని హాప్స్ అంటారు. బీరుకు చేదు, వాసన ఇచ్చేవి అవే. బార్లీ మొలక నుంచి దిగిన తియ్యటి నీళ్ళను గంటసేపు మరిగించేటప్పుడు వేస్తారు. మొదట్లో వేస్తే చేదు దిగుతుంది, చివర్లో వేస్తే వాసన నిలుస్తుంది. ఒక పొట్లంలో ఉన్నది ఆకు. పేరుకి ఆకే గాని, నిజానికి ఆడ తీగకు కాసే పూత. విప్పి చూస్తే రేకుల మొదట్లో పసుపులాంటి పొడి కనిపిస్తుంది, సారమంతా అందులోనే ఉంది. రెండో పొట్లంలో ఆకుపచ్చ గుళికలు. ఆ పూతనే ఎండబెట్టి, పొడి కొట్టి, చిల్లుల్లోంచి నొక్కి తీస్తారట. నేను కోళ్ళమేత అనుకున్నాను.

మావాడికి ఆకు మీద మోజు. “అది సహజమైనది నాన్నా, మిషన్లో పడలేదు” అంటాడు. నాకూ మొదట అలాగే తోచింది. గుళికలంటే మనకు వరిచేలో చల్లే మందే గుర్తొస్తుంది మరి. అయినా ఒక నోటుపుస్తకం తీసి గళ్ళు గీశాను. తేదీ, రకం, తూకం, పోసిన నీళ్ళు, దిగిన సరుకు, తరుగు.

రెండు కాపుల్లోనూ సరుకు ఒకటే, పొయ్యి ఒకటే, మరిగిన గంటా ఒకటే. 19 లీటర్లు రావాలి. గుళికలు వేసినప్పుడు 18న్నర దిగింది. ఆకు వేసినప్పుడు 17 ముప్పావే. “ఆవిరైపోయుంటుంది” అన్నాడు. ఒకే గంటలో ఒకదానికి ఎక్కువ ఆవిరి, ఒకదానికి తక్కువ ఆవిరి ఎలా ఉంటుందిరా? ముప్పావు లీటరు తేడా వస్తే మా రోజుల్లో చార్జిమెమో వచ్చేది. జల్లెడలో మిగిలిన పిప్పిని తూచాను. పొడిగా 115 గ్రాములు వేసిన ఆకు కిలో పైన తూగింది. దొంగ దొరికాడు. ఆకు స్పంజిలా పీల్చుకుంటుంది.

గుళిక మరుగులో విచ్చిపోతుంది, డస్టు టీలాగా. అందుకని ఆకుకంటే సుమారు పదోవంతు ఎక్కువ చేదు దిగుతుందని కాచేవాళ్ళు లెక్క కడతారు. కొంచెం చోటులో ఇముడుతుంది, గాలి తక్కువ తగులుతుంది, ఫ్రీజర్లో ఎక్కువ కాలం ఆగుతుంది. ఆకు పాతబడితే గోధుమరంగుకు తిరిగి జున్ను కుళ్ళిన వాసన వేస్తుంది. అయితే గుళికకూ ఒక రోగముంది. అడుగున పచ్చటి బురదలా దిగి గొట్టానికి అడ్డం పడుతుంది. గుడ్డసంచిలో వెయ్యాలి, లేదా కలియతిప్పి తేరనివ్వాలి. గంగాళం అడుగున చిల్లుల పళ్ళెం ఉన్నవాళ్ళకు ఆకే మేలు. ఆ ఆకే వడపోత గుడ్డయి మిగతా మడ్డిని ఆపుతుంది. మావాడి గంగాళానికి ఆ పళ్ళెం లేదు. పళ్ళెం లేనివాడికి ఆకు మీద మోజెందుకని అడిగాను.

గంట మరిగేదాకా గంగాళం వదిలి పోకూడదు, పొంగిపోతుంది. ఆ గంటలోనే వాడికి వరండా సంగతి చెప్పాను. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. వాడు గరిటె తిప్పుతూ విన్నాడు. “నేను వారానికి రెండు గ్లాసులు నాన్నా” అన్నాడు. ఆ లెక్కకూ ఒక గడి గీశాను. వాడు నొచ్చుకున్నాడేమో గాని చెరపలేదు.

సెప్టెంబరులో యాకిమా లోయకు తీసుకెళ్ళాడు. అమెరికాలో పండే హాప్స్‌లో ఎక్కువభాగం అక్కడిదే. 18 అడుగుల ఎత్తున కట్టిన తీగలు, కోత, మన పొగాకు బ్యారన్లను తలపించే ఆరబెట్టే ఇళ్ళు! ఆ వాసనకు మావాడు మైమరచి ఆకు నాలుగు కిలోలు కొంటానన్నాడు. “ఫ్రీజర్లో మీ అమ్మ పెట్టిన గోంగూర తీసి ఎక్కడ పెడతావురా?” అన్నాను. ఒక కాపుకు సరిపడా తాజా ఆకు కొన్నాం, అదీ ఆ వారమే కాచెయ్యాలనే షరతు మీద. ఏడాదికి కావలసింది గుళికలే, పంట ఏ ఏటిదో పొట్లం మీద చూసి మరీ.

తాగారా అని వెనక వరుసలోంచి ఎవరో అడుగుతున్నారు. చేదు చూడటానికి ఒక చెంచా. మా ఆవిడకు తెలుసు.

నోటుపుస్తకం అక్కడే వదిలి వచ్చాను. కాచినప్పుడల్లా వాడు పేజీ ఫోటో తీసి ఫోనుకు పంపిస్తాడు. పోయిన నెల పేజీలో తరుగు గడి ఖాళీగా ఉంది. ఎక్స్‌ప్లనేషన్ అడిగాను. ఇంకా రాలేదు.