ప్రభుత్వములు మారును – పాఠశాల నిలువవలయును

(పఠనమందిర సభలో గావించిన ఉపన్యాసము)



న్యాయస్థానమున వాయిదాపై వాయిదా పడినను వ్యాజ్యము కట్టలో అట్లే యుండును. పసివాని చదువునకు వాయిదా లేదు. గడచిన మూడవ తరగతి మరల రాదు. ఈ సంగతి మనవి చేయుటకే మేము నేడు మీ యెదుట నిలచితిమి.

మన ఆంధ్రప్రదేశమునే చూడుడు. 2022లో పలుతావుల 3, 4, 5 తరగతులను ప్రాథమిక పాఠశాలలనుండి తీసి ఉన్నత పాఠశాలలకు చేర్చిరి. 2024లో ప్రభుత్వము మారినది. 2025లో ఆ యుత్తర్వును రద్దుపరచి వేఱొక యేర్పాటు గావించిరి. ఏది మేలను తర్కము మాకిప్పుడు వలదు. నాడు మూడవ తరగతిలో నుండిన బాలిక ఇంతలో ఆరవ తరగతికి చేరినది. పెద్దల తర్జనభర్జనల నడుమ గడచిన ఆ మూడేండ్లను ఏ యుత్తర్వు ఆమెకు తిరిగి యీయగలదు?

వేఱు దారియు గలదు. దానికై దూరము పోనక్కరలేదు. పిట్టి త్యాగరాయ సెట్టిగారి యధ్యక్షతన చెన్నపురి నగరసభ 1920లో ఒక పాఠశాలలోని బీదపిల్లలకు ఫలహారము పెట్టుటకు పూనుకొనినది. 1956లో కామరాజుగారు మధ్యాహ్న భోజనమును రాష్ట్రమున విస్తరింపజేసిరి. 1982లో ఎం. జి. రామచంద్రన్‌గారు దానిని పోషకాహార పథకముగ పెంచిరి. 1989లో కరుణానిధిగారు గ్రుడ్డు చేర్చిరి. 2022లో స్టాలిన్‌గారు ఉదయపు ఫలహారమును గూడ పెట్టించిరి. వీరిలో పరస్పరము పొసగని పక్షములవారు గలరు. అయినను ఒకరు వెలిగించిన పొయ్యిని మరియొకరు ఆర్పలేదు. దానిపై ఇంకొక గిన్నె నెక్కించిరి. సంస్కరణ మనగా నిదియే.

తప్పంతయు ప్రభుత్వములదే యనరాదు. ప్లీడర్లము, ఉద్యోగులము, వర్తకులము, మనలో నెందరము మన బిడ్డలను సర్కారు బడికి పంపితిమి? జీతము కట్టి వేఱు బడిలో చేర్చి చేతులు దులుపుకొంటిమి. మేమును ఆ తప్పు చేసినవారమే. నోరుగలవారు విడిచిన బడి నోరులేనివారికే మిగిలినది. దాని నెవరెట్లు త్రిప్పినను అడుగువారు లేరైరి.

అడుగుటకు చట్టమున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 26వ సెక్షను ప్రకారము, సర్కారు బడిలో ఉపాధ్యాయ ఖాళీలు మంజూరైన సంఖ్యలో నూటికి 10 మించరాదు. 21వ సెక్షను ప్రకారము, యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలయును. సభ్యులలో సగము స్త్రీలు కావలయును. కూలిచేసుకొను తల్లి ఆ సంఘమున కూర్చుండి లెక్క యడుగునప్పుడు, ఆమె ప్రక్కన చట్టము తెలిసిన వాడొకడు నిలువవలదా?

ఏటేట బడులు తెరచుటకు ముందు, మన పేటలోని ప్రతి పాఠశాలకు ఎందరు ఉపాధ్యాయులు మంజూరైరో, ఎన్ని ఖాళీలున్నవో వ్రాసి ఈ మందిరపు గోడపై అంటింతము. ఓటడుగ వచ్చినవారిని "క్రొత్తగా నేమి పెట్టుదురు?" అని మాత్రమే కాక, "ముందువారు చేసిన మంచిలో దేనిని నిలుపుదురు?" అని యడుగుదము. ఒక బిడ్డ పదవ తరగతి ముగించులోపల ప్రభుత్వములు రెండు మారవచ్చును. బడి మాత్ర మొక్కటిగనే యుండవలయును.