బిడ్డ ప్రాణాన్ని తల్లి చేతిలో పెట్టిన డాక్టరు

(వానలకు ముందు ఒక దళితవాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించో, రిజర్వేషన్ల గురించో మాట్లాడతానని వచ్చి ఉంటారు. ఇవాళ నేను పిల్లల విరేచనాల గురించి మాట్లాడతా. నవ్వబాకండి. కత్తులకూ గొడ్డళ్ళకూ బలైన మనవాళ్ళ పేర్లు స్థూపాల మీద చెక్కుకున్నాం. చెక్కుకోవాల్సిందే. కానీ నీళ్ళ విరేచనాలతో పోయిన మన పసిబిడ్డల లెక్క ఏ స్థూపం మీద ఉంది?

మా చెల్లెలి సంగతి చెబుతా. 1990 ఎండాకాలం. దానికి రెండేళ్ళు. తెల్లవారుజామున విరేచనాలు మొదలైనాయి. మధ్యాహ్నానికి కళ్ళు లోతుకు పోయినాయి, నాలుక ఎండిపోయింది. నీళ్ళు నీళ్ళని అడిగింది. అమ్మ గ్లాసు తీసుకుంటే, "పోసేకొద్దీ పోతది, నీళ్ళు పట్టబాక" అన్నారు ఇరుగుపొరుగు. అమ్మ ఆగిపోయింది. సెలైను ఎక్కించాలంటే టౌనుకు పోవాల, డబ్బులు కావాల. నాన్న అప్పు కోసం నాలుగు గడపలు తిరిగి వచ్చేసరికి బిడ్డ లేదు. అమ్మ ఇప్పటికీ ఆ గ్లాసు సంగతే చెప్పి ఏడుస్తది.

పెద్దయ్యాక, చదువుకున్నాక నాకు తెలిసిందేమంటే, ఆ బిడ్డకు కావాల్సిన మందు అప్పటికి 19 ఏళ్ళ కిందటే వేల మందికి వాడి చూపించి ఉన్నారు. ఉప్పు, చక్కెర, నీళ్ళు. ఆ కబురు మా వాడకు రాలేదు. అంతే.

ఆ మందు వాడి చూపించిన డాక్టరు పేరు దిలీప్ మహలనోబిస్. 1934లో అప్పటి బెంగాల్‌లోని కిశోర్‌గంజ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. 1958లో కలకత్తా మెడికల్ కాలేజీలో డాక్టరీ పాసై, పిల్లల వైద్యం ఎంచుకున్నాడు. ఇంగ్లండు పోయి పైచదువు చదివి, లండన్‌లోని పిల్లల ఆస్పత్రిలో పనిచేశాడు. అక్కడే ఉంటే హాయిగా బతికేవాడు. 1960ల్లోనే కలకత్తాకు తిరిగొచ్చి, కలరా, అతిసారం మీద పరిశోధన చేసే కేంద్రంలో చేరాడు.

1971లో తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం జనాన్ని ఊచకోత కోసింది. కోటి మంది దాకా సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. వాళ్ళలో నామశూద్ర రైతులు, కూలీలు చాలామంది. నామశూద్రులంటే ఎవరో మనకు తెలియాల. 1946లో బొంబాయి నుంచి దారులు మూసేస్తే, జోగేంద్రనాథ్ మండల్ అండతో బాబాసాహెబును బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పంపినవాళ్ళు వాళ్ళే. అట్లాంటివాళ్ళు సరిహద్దులో బన్‌గావ్ దగ్గర గుడారాల్లో, వానలో, బురదలో పడున్నారు. కలరా సోకింది. ఆస్పత్రిలో రెండు గదులు, 16 మంచాలు. మిగతావాళ్ళంతా నేల మీదే. వాంతులు, విరేచనాల మధ్య మోకాళ్ళ మీద కూచుని డాక్టర్లు సెలైను ఎక్కించాల. జూన్ చివర మహలనోబిస్ అక్కడికి చేరాక కొద్దిరోజులకే సెలైను సీసాలు అయిపోవచ్చినాయి. ఎక్కించే మనుషులూ చాలలేదు.

అప్పుడు ఆయన ఏం చేశాడు? లీటరు నీళ్ళకు 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా. కలకత్తాలో తమ కేంద్రం లైబ్రరీ గదిలో తూకం వేయించి, పొట్లాలు కట్టించి, బన్‌గావ్‌కు తెప్పించాడు. డ్రమ్ముల్లో కలిపి, డ్రమ్ముకు కొళాయి పెట్టి, "బిడ్డకు పట్టండమ్మా" అని తల్లులకు, అక్కలకు, తాతలకు చెప్పాడు. సీసాలో ఎక్కిస్తేనే వైద్యం అనుకునే జనం నమ్మరని, ఇది "నోటితో తాగే సెలైను" అని చెప్పించాడు. అంతకుముందు ఆ శిబిరాల్లో కలరా వచ్చినవాళ్ళు నూటికి 20, 30 మంది పోతున్నారు. ఈ మందు పట్టిన తర్వాత 3,700 మందికి పైగా రోగుల్లో చావులు నూటికి నాలుగు కన్నా తక్కువకు, 3.6కు దిగినాయి.

ఇందులో కిటుకు ఏంటి? విరేచనాల్లో నీళ్ళతోపాటు ఉప్పు కూడా పోతది. ఉత్త ఉప్పునీళ్ళు తాగితే జబ్బుపడ్డ పేగు సరిగా తీసుకోదు. చక్కెర తోడుంటే ఉప్పు పేగు గోడ దాటి లోపలికి పోతది, ఉప్పు వెంట నీళ్ళు పోతాయి. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. అంతకుముందే, 1953లో, కలకత్తాలో హేమేంద్రనాథ్ చటర్జీ అనే డాక్టరు కలరా రోగులకు నోటితో మందునీళ్ళు ఇచ్చి బతికించి, ఆ సంగతి రాశాడు. పెద్ద వైద్యులు పట్టించుకోలేదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ ఆస్పత్రిలో పరీక్షించి నిరూపించారు. మరి మహలనోబిస్ చేసిన కొత్త పని ఏంటి? డాక్టరు చేతిలో ఉన్న వైద్యాన్ని చదువురాని తల్లి చేతిలో పెట్టాడు. ఆ తల్లి చేయగలదని నమ్మాడు. చేసి చూపించింది ఆ తల్లి.

అన్నలారా, ఆయన మన వాడల్లో పుట్టినవాడు కాదు. మరి ఆయన గురించి మనమెందుకు మాట్లాడుకోవాల? తెలిసిన విద్యను దాచుకుని, అవతలివాడి చెవిన పడకుండా చూడటమే కదా ఈ దేశంలో కులం వేల ఏళ్ళుగా చేసిన పని! విద్యను పొట్లం కట్టి పంచినవాడు ఎవరైనా మనకు దగ్గరివాడే. ఆ పొట్లం మీద ఆయన పేటెంటు తీసుకోలేదు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అఫ్గానిస్తాన్, ఈజిప్టు, యెమెన్ దేశాల్లో కలరా మీద పనిచేశాడు. 1990ల్లో ఢాకాలోని అతిసార పరిశోధన కేంద్రంలో పెద్ద బాధ్యత చూశాడు. చివరి రోజుల్లో తన దాచుకున్న డబ్బు కోటి రూపాయలు కలకత్తాలోని పిల్లల ఆస్పత్రికి ఇచ్చాడు. 2022 అక్టోబరు 16న కన్నుమూశాడు. బతికుండగా ఆయన్ని తలచుకోని ప్రభుత్వం, చనిపోయాక 2023లో పద్మవిభూషణ్ ప్రకటించింది.

పక్కన బంగ్లాదేశ్‌ను చూడండి. 1980 నుంచి పదేళ్ళపాటు బ్రాక్ అనే సంస్థ ఆడకార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, నీళ్ళు ఎట్లా కలపాలో కోటికి పైగా ఇళ్ళలో తల్లుల చేత చేయించి నేర్పారు. మరి మన దగ్గర? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం విరేచనాలు పట్టిన పిల్లల్లో నూటికి 60 మందికే ఓఆర్‌ఎస్ అందింది. మిగతా 40 మంది ఏ వాడల్లో ఉంటారో మీరే చెప్పండి.

ఇప్పుడు పని సంగతి. తల్లులు జాగ్రత్తగా వినండి.

పొట్లం ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటది. మంచినీళ్ళు ఒక లీటరు కొలిచి పొట్లం మొత్తం అందులో కలపాల. సగం సగం కలపొద్దు. ఒక రోజులో వాడాల, మిగిలితే పారబోయాల. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనమైనప్పుడల్లా సగం టీ గ్లాసు నుంచి గ్లాసు దాకా, చెంచాతో కొంచెం కొంచెం పట్టాల. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టాల. చనుబాలు ఆపొద్దు, తిండి ఆపొద్దు. పొట్లం దొరకకపోతే, లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాల. టీ చెంచా సుమా! ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. దీంతోపాటు జింకు బిళ్ళలు 14 రోజులు వేయాల, బిడ్డ బాగున్నా ఆపొద్దు. మలంలో రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మగతగా పడున్నా, మాడు గుంటపడినా, ఉచ్చ పోయకపోయినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి పోవాల.

ఇంకొకటి. ఓఆర్‌ఎస్ అని పేరు రాసిన తియ్యటి డబ్బా నీళ్ళు అంగళ్ళలో అమ్మారు. అందులో చక్కెర మోతాదు మించి ఉంటది, విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాదులో శివరంజని సంతోష్ అనే పిల్లల డాక్టరు ఏళ్ళ తరబడి కొట్లాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అట్లాంటి డబ్బాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ మోతాదు అని ఉందో లేదో చదివించుకుని తీసుకోండి. పిల్లలకు రోటావైరస్ చుక్కలు కూడా వేయించండి. ఆ టీకా హైదరాబాదులోనే తయారైంది, 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సర్కారు ఉచితంగా వేస్తది.

చివరి మాట. పొట్లం బిడ్డను బతికిస్తది. కానీ బిడ్డకు జబ్బు తెచ్చిన నీళ్ళను మార్చదు. 1927లో మహాడ్ చెరువులో బాబాసాహెబు దోసిలి ముంచింది నీళ్ళ కోసం. 1985 జూలైలో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగపల్లె తాగునీటి చెరువు దగ్గర. గేదెల కుడితి కడుగు మేం తాగే నీళ్ళలో కలుపుతారా అని అడ్డుకున్నందుకు, బిందె ఎత్తి నిలబడిన మున్నంగి సువార్త వెంట ఊరు ఊరే బతుకు కోసం నిలబడాల్సి వచ్చింది. మర్నాడు ఆరుగురు మాదిగల్ని నరికి చంపారు. దాన్ని ఆత్మగౌరవ పోరాటం అన్నాం. నిజమే. అది మన బిడ్డల పేగుల పోరాటం కూడా. మురికినీళ్ళు తాగమన్నవాడు మన బిడ్డల చావునే కోరాడు.

కాబట్టి రెండు పనులూ మనమే చెయ్యాల. వానలు పడేలోపు సంఘం పిల్లలు ఇల్లిల్లూ తిరిగి ప్రతి ఇంట్లో రెండు పొట్లాలు ఉన్నాయో లేదో చూడాల. ప్రతి తల్లి చేత ఒకసారి కలిపించి చూడాల. అదే రోజు మన వాడ ట్యాంకు కడిగిన తేదీ, పైపు లీకులు, మురుగు కాలువ పక్కన పోయే గొట్టం అన్నీ రాసి, పంచాయతీకి, మండలాఫీసుకు అర్జీ పెట్టాల. రశీదు తీసుకోవాల. కదలకపోతే ఖాళీ బిందెలతో ఆఫీసు ముందు కూచోవాల.

ఈసారి మన వాడలో నీళ్ళు నీళ్ళని అడిగిన బిడ్డ ముందు ఏ తల్లీ గ్లాసు పట్టుకుని ఆగిపోకూడదు.

జై భీమ్!